ఎర్ర కోటు వచ్చిందా, బావా?

మూడేళ్లుగా పాత అవార్డు సినిమాలు ఏడీతో చూస్తున్నాను. ఏడీ అంటే ఆడియో డిస్క్రిప్షన్, అంటే తెర మీద కనిపించేదాన్ని మాటల్లో చెప్పే గొంతు అని నాలాంటి చూపు లేనివాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఫోన్ తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో ఆడియో మెనూలోకి ఎలా వెళ్లాలో కూడా రాయను. నా గోలంతా ఒక్క కోటు గురించి.

'షిండ్లర్స్ లిస్ట్' 1993 నాటిది, 7 ఆస్కార్లు కొట్టింది. చూపు పోయిన కొత్తలో ఏడీ లేకుండానే విన్నాను. పోలండ్‌లోని క్రాకోలో నాజీలు యూదుల్ని ఇళ్లలోంచి ఈడ్చేసే చోట తుపాకుల మోత, అరుపులు, వాటి మధ్య పిల్లల పాట. ఈ పాట ఇక్కడెందుకో అంతుపట్టలేదు. చాలా ఏళ్ల తర్వాత ఏడీ పెట్టుకుంటే, ఆ మోతలోనే ఒక గొంతు మెల్లగా చెప్పింది: చిన్న పాప, ఎర్ర కోటు. చుట్టూ అంతా నలుపు తెలుపు, రంగు ఆ కోటుకే. తర్వాత శవాల బండి మీద మళ్లీ అదే కోటు. హెడ్‌ఫోన్ తీసేసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఇరవై నాలుగేళ్లదాకా చూపుంది కాబట్టి ఎరుపంటే నాకు తెలుసు.

ఆ ఊపులోనే, సంక్రాంతికి నెల్లూరు నుంచి చెన్నై వడపళనిలో మా ఇంటికి వచ్చిన మా బావని గొప్పగా కూర్చోబెట్టాను. "కళ్లు మూసుకుని విను బావా, అంతా కనిపిస్తుంది" అన్నాను. తీరా చూస్తే సినిమా నేను డబ్బు కట్టే ఓటీటీ యాప్‌లో లేదు, ఇంకో యాప్‌కి వెళ్లిపోయింది. పోనీలే అని దానికీ డబ్బు కట్టాను. పది నిమిషాలైనా గొంతు రాదే! ఆడియో మెనూలో ఇంగ్లిష్, దాని కింద మళ్లీ ఇంగ్లిష్, అంతే. సినిమా ఇల్లు మారింది గానీ ఏడీ ట్రాక్‌ని వెంట తెచ్చుకోలేదు. కస్టమర్ కేర్ అమ్మాయికి ఏడీ అంటే ఏంటో నేనే వివరించాను. అంతా ఓపిగ్గా విని, "సబ్‌టైటిల్స్ ఆన్ చేసి చూడండి సార్" అంది.

బావ జాలిపడి, "నేను చెప్తాలేరా" అన్నాడు. మొదట్లో బాగానే చెప్పాడు. "సూటేసుకున్నాడు, డబ్బులిస్తున్నాడు, ఎవరికో, ఏదో." క్రాకో దగ్గరికొచ్చేసరికి మాట ఆగిపోయింది. పిల్లల పాట మొదలైంది.

"బావా, ఎర్ర కోటు వచ్చిందా?"

ముక్కు ఎగబీల్చి, "వెళ్లిపోయిందిరా" అన్నాడు.

ఇక మన సినిమాలు. 'సాగర సంగమం' (1983) సంగీతానికి ఇళయరాజాకీ, పాటకి బాలుకీ జాతీయ అవార్డులొచ్చాయి, చెవులకి లోటేం లేదు. కానీ వానలో హీరోయిన్ బొట్టు చెరిగిపోకుండా హీరో చెయ్యి అడ్డుపెడతాడు, ఆమె భర్త పోయాడని తెలియక. అక్కడ మాటల్లేవు. చిన్నప్పుడు టీవీలో చూశాను గానీ ఆ చెయ్యి గుర్తులేదు, మొన్న మా అక్క చెప్తేనే తెలిసింది. ఏడీ కోసం వెతికాను, నాకైతే దొరకలేదు. జాతీయ అవార్డులకి పంపే సినిమాలకి 2025 జనవరి 1 నుంచి ఏడీ ఉండాలని కేంద్రం 2024లో మార్గదర్శకాలిచ్చింది. ఎప్పుడో అవార్డు తీసుకున్నవాటి సంగతి ఎవరికి పట్టింది?

ఏడీని మరీ ఆకాశానికెత్తాననిపిస్తోంది. మంచి సంగీతం మీద కూడా మాట్లాడేస్తుంది, కొన్నిటిలో మర గొంతు. పుట్టుకతో చూపులేని నా మిత్రుడైతే, "ఎర్ర కోటు నీకు ఏడుపు, నాకు సమాచారం" అన్నాడు. ఇంగ్లిష్ సరిగా రాని మా నాన్నకి ఇదంతా ఎవరో పక్కన గొణుగుతున్నట్టుంటుందట.

ఇంగ్లిష్ తడుముకోకుండా అర్థమై, ఎప్పుడో ఒకప్పుడు రంగులు చూసినవాళ్లయితే ఏడీ కోసం యాప్‌కి డబ్బు కట్టచ్చేమో. ముందు ఎవరి ఫోన్‌లోనైనా మీకు కావలసిన సినిమా ఆడియో మెనూ విని చూసుకోండి. నేనైతే ఈ నెల కట్టలేదు. ఆదివారం అక్క వస్తానంది, వాన పాట దగ్గర ఏడవకుండా చెప్తానని ఒట్టేసింది.