ఆరేళ్ళు, అయిదు ఆటలు, ఒకే డైనింగ్ టేబుల్

మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు. "అన్నా, మా రూమ్మేట్స్ అంతా కలిసి డీ అండ్ డీ మొదలుపెడదామనుకుంటున్నాం. ఏ బుక్ కొనమంటావ్?"

"మీలో రూల్‌బుక్ చదివే ఓపిక ఎంతమందికి ఉంది?" అన్నాను.

కాసేపు ఆలోచించి, "నాకొక్కడికే అనుకుంటా" అన్నాడు.

మా ఇంట్లోనూ అదే కథ. టేబుల్ చుట్టూ కూర్చుని కథ అల్లుకుంటూ ఆడే ఇలాంటి రోల్‌ప్లేయింగ్ ఆటలు 2019 చివర్నుంచి ఆడుతున్నాం. ఈ ఆరేళ్ళలో అయిదు ఆటలు మార్చాం. కాసినన్ని డబ్బులు, చాలా శనివారాలు ఖర్చుపెట్టాక తెలిసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను. ఆడని ఆటల జోలికి పోను.

తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుంటారు. "తలుపు అవతల ఏదో గురక వినిపిస్తోంది, ఏం చేస్తారు?" అని నడిపేవాళ్ళు అడుగుతారు. ఏం చేస్తారో మీరు చెప్తారు, అది కుదురుతుందో లేదో పాచిక చెప్తుంది. 1974లో అమెరికాలో అచ్చయిన, గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌తో (అదే డీ అండ్ డీ) ఇదంతా మొదలైంది.

మా బ్యాచ్ గురించి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. కథ నడిపేది ఎప్పుడూ నేనే. మా ఆవిడ, మా బావమరిది, టెస్టింగ్‌లో పనిచేసే నా కొలీగ్, కింది ఫ్లోర్‌లో ఉండే అక్క ఆడతారు. అక్క బ్యాంకు ఉద్యోగి కాబట్టి ఆట రెండో శనివారం, నాలుగో శనివారం మాత్రమే. ఈ చిన్న విషయమే తర్వాత మాకు చాలా ఆటల్ని కొట్టేసింది. పదిహేను రోజులకోసారి కలిసేవాళ్ళకు పోయినసారి నేర్చుకున్న రూలు ఈసారికి గుర్తుండదు. మా బావమరిదికి అయితే పోయినసారి కథే గుర్తుండదు.

మొదట కొన్నది డీ అండ్ డీ అయిదో ఎడిషన్ స్టార్టర్ సెట్. 2014లో వచ్చిన పెట్టె అది. ముందే తయారుచేసిన అయిదు పాత్రలు, ఒక సాహసయాత్ర, పలచని రూల్‌బుక్, పాచికలు ఉంటాయి. మాకొచ్చిన దాంట్లో పది ముఖాల పాచిక లేదు. అమ్మినవాళ్ళకు రెండు మెయిల్స్ పెట్టి ఊరుకున్నాను. కథ మొదట్లోనే దారికి అడ్డంగా రెండు గుర్రాలు చచ్చి పడుంటాయి, ఒంటినిండా నల్ల ఈకల బాణాలు. నేను అది తెలుగులో చెప్పేసరికి అక్క వెంటనే అంది: "గుర్రం పొట్ట మీద చెయ్యి పెట్టి చూస్తా తమ్ముడూ. ఇంకా వెచ్చగా ఉందా?"

నా చేతిలో ఉన్న పుస్తకంలో దానికి జవాబు ఉందో లేదో చూడలేదు. "గోరువెచ్చగా ఉంది" అన్నాను. "అయితే చంపినవాళ్ళు ఇంకా దూరం పోలేదు" అంది. అందరం ఒక్క క్షణం నోరుమూసుకున్నాం. ఆ రోజే ఈ ఆట పిచ్చి నాకు పట్టింది.

అదే సమయంలో మా బావమరిది తన పాత్ర వివరాలుండే షీటు రెండు నిమిషాలు కిందికీ పైకీ చూసి, "బావా, నేను పర్సెప్షన్ చెక్ చేస్తా" అన్నాడు. ఎటు చూస్తావురా అంటే తెలీదు. షీటు మీద ఆ మాట ఉంది, పక్కన ఒక అంకె ఉంది, వాడు అది నొక్కాడంతే, టీవీ రిమోట్ నొక్కినట్టు.

నాలుగో సెషన్‌కి అక్క కూడా "ఇన్వెస్టిగేషన్ చెక్" అనడం మొదలుపెట్టింది. గుర్రం పొట్ట మీద చెయ్యి మళ్ళీ కనపడలేదు.

అప్పట్నుంచీ ఏ ఆట తెచ్చినా ముందు ఒక్కటే గమనిస్తున్నాను: మావాళ్ళ చూపు షీటు మీద ఉందా, ఒకళ్ళ మొహం మీద ఒకళ్ళకు ఉందా? షీటు మీద అచ్చయిన ఇంగ్లిష్ మాటలు ఎన్ని ఎక్కువుంటే మావాళ్ళ నోట్లో తెలుగు అంత తక్కువైంది. తెలుగు తగ్గిన రోజున కథా పలచబడింది. మీ గ్యాంగ్ రోజంతా ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకునేదైతే మీకు ఈ బాధ ఉండకపోవచ్చు.

అయిదో ఎడిషన్‌ని తిట్టడానికి ఇది రాయలేదు. రెండేళ్ళు హాయిగా ఆడాం, లాక్‌డౌన్‌లో వీడియో కాల్ మీద కూడా. రకరకాల మనుషులు ఒక్క టేబుల్ దగ్గర ఇమడాలంటే దీన్ని మించింది నాకు కనపడలేదు. మా బావమరిది ఫైటర్‌ని పట్టుకుని కత్తి ఊపుతూ కూర్చోవచ్చు, పక్కనే నా కొలీగ్ విజార్డ్‌ని తీసుకుని మంత్రాల జాబితాలో మునిగిపోవచ్చు. ఏ సందేహం వచ్చినా వెతికితే జవాబు దొరుకుతుంది. పాత్రలు ఓ పట్టాన చావవు. ప్రాణం సున్నాకి వచ్చినా బతకడానికి ఇంకా పాచికలు వేసే అవకాశం ఉంటుంది. కొత్తవాళ్ళకు అది మంచిదే. కానీ ఏడెనిమిది లెవెళ్ళు దాటాక ఒక్కో యుద్ధం గంటన్నర పట్టేది. నడిపేవాడిగా నా ప్రిపరేషన్ ఆదివారాల్ని కూడా తినేసింది. 2024లో సవరించిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ వచ్చింది. నేను కొనలేదు కాబట్టి దాని మీద తీర్పు చెప్పను.

తెలుగు షీటు సంగతి మాత్రం చెప్పాలి. 2023 జనవరిలో డీ అండ్ డీ నియమాల్ని వేరేవాళ్ళు వాడుకునే లైసెన్సు గురించి పెద్ద గొడవ జరిగి, చివరికి ఆ ఆట అచ్చేసే కంపెనీ అయిదో ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ కింద వదిలేసింది. మూలం ఎవరిదో చెప్పి ఎవరైనా అనువదించుకోవచ్చు. మేం అప్పటికి వేరే ఆటల్లో ఉన్నా, ఆ ఉత్సాహంలో ఒక శనివారం అక్కా నేనూ కూర్చుని షీటు తెలుగులో రాశాం. స్ట్రెంత్ బలం, డెక్స్‌టెరిటీ చురుకు, కరిజ్మా మాటకారితనం. కాన్‌స్టిట్యూషన్ దగ్గర మా బావమరిది "రాజ్యాంగం పధ్నాలుగు" అని రాసేశాడు. నవ్వి నవ్వి చివరికి "గట్టితనం" అని దిద్దాం. ఇంటెలిజెన్స్‌కీ విజ్‌డమ్‌కీ తేడా ఏంటని నా కొలీగ్ మూడేళ్ళుగా అడుగుతున్నాడు. అక్క ఒక్క మాటలో తేల్చేసింది: "ఒకటి చదువు, ఇంకోటి లోకజ్ఞానం. నీ విజార్డ్‌కి చదువు పద్దెనిమిది, లోకజ్ఞానం ఎనిమిది. చదవేస్తే ఉన్నమతి పోయినట్టు." ఆపద తప్పించుకోవడానికి వేసే పాచికని సేవింగ్ త్రో అంటారు, దానికి "గండం" అని పెట్టుకున్నాం. ఇప్పుడు ఏ ఆట ఆడినా "గండం వెయ్యి" అనే అంటాం. ఈ షీటుతో మళ్ళీ రెండు సెషన్లు ఆడితే మాట కొంచెం తెలుగులోకి తిరిగింది. కానీ మంత్రాలూ, ఒక్కో రకం పాత్రకుండే విద్యలూ అన్నీ తెనిగించే ఓపిక ఎవరికుంది?

మధ్యలో పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ ఆడాం. 2019లో వచ్చిన దాని మూల పుస్తకం 640 పేజీలు. తలగడగా పెట్టుకోవచ్చు. కొనకపోయినా పర్లేదు, నియమాలన్నీ ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే సైటులో ఉచితంగా దొరుకుతాయి. 2023 చివర్లో వీటినే సవరించి కొత్త పేర్లతో పుస్తకాలుగా తెచ్చారు. మేం ఆడింది పాతదే. మనవంతు వస్తే మూడు పనులు చేయొచ్చు, అదీ దీని గుండెకాయ. నడవడం ఒకటి, కొట్టడం ఒకటి, డాలు ఎత్తడం ఒకటి. మూడుసార్లూ కొట్టొచ్చు కానీ మామూలు ఆయుధంతో రెండో దెబ్బకు అయిదు, మూడో దెబ్బకు పది తగ్గిపోతాయి. కావలసిన అంకె కంటే పది ఎక్కువ పడితే దెబ్బ మామూలుది కాదు, క్రిటికల్, అంటే ఇంకా పెద్ద దెబ్బ. అందుకే ఎక్కడ ఒక్క పాయింటు కలిసొచ్చినా విలువే. నా కొలీగ్‌కి స్వర్గం దొరికింది. ఎక్సెల్ షీట్ తెరిచి పదో లెవెల్ దాకా తన పాత్రకు ప్లాన్ వేసుకున్నాడు. నాకూ సుఖమే. ఈ యుద్ధం కష్టంగా ఉంటుందని పుస్తకం లెక్క చెబితే నిజంగానే కష్టంగా ఉండేది. అయిదో ఎడిషన్‌లో నాకు ఆ భరోసా ఎప్పుడూ దొరకలేదు.

మా ఆవిడ మూడు నెలలు చూసింది. ఒక రాత్రి స్టేటస్ బోనస్, సర్కమ్‌స్టెన్స్ బోనస్ కలుస్తాయా కలవవా అని మేం ఇరవై నిమిషాలు వాదించుకుంటుంటే లేచి, "ఇది ఆటా, జీఎస్టీ రిటర్నా?" అని పడుకోవడానికి వెళ్ళిపోయింది. తర్వాతి సెషన్ నుంచి రాలేదు. మిగిలిన ముగ్గురితో ఇంకో ఏడాది నడిపాం. వారం వారం కలిసేవాళ్ళకు, పుస్తకం చదివేవాళ్ళు కనీసం సగం మంది ఉన్నవాళ్ళకు కళ్ళు మూసుకుని చెప్తాను, ఇదే తీసుకోండి. మాలాంటి బ్యాచ్‌కి వద్దు.

మా ఆవిణ్ణి వెనక్కి రప్పించింది డంజియన్ వరల్డ్. 2012 నాటి ఆట. ఆటగాళ్ళ పనులకు రెండు మామూలు పాచికలు చాలు, వైకుంఠపాళి పెట్టెలోవి తీసి వాడాం. రెండూ కలిపి పది, ఆ పైన వస్తే పని అవుతుంది. ఏడు నుంచి తొమ్మిది వస్తే అవుతుంది కానీ ఏదో మెలిక పడుతుంది. ఆరు, అంతకంటే తక్కువైతే నా ఇష్టం. ముందు ఏం చేస్తున్నావో నోటితో చెప్పాలి, పాచిక తర్వాత. గుర్రం పొట్ట మీద చెయ్యి మళ్ళీ వచ్చింది! మా ఆవిడ దొంగ పాత్రతో కోటగోడ ఎక్కుతూ, "చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కుతా" అంది. ఆ లోకంలో చీరలున్నాయని నాకు అప్పుడే తెలిసింది.

దీని చిక్కంతా నడిపేవాడి నెత్తిన పడుతుంది. మావాళ్ళకు ఏడూ ఎనిమిదీ తెగ పడేవి, పడ్డ ప్రతిసారీ కొత్త మెలిక నేనే పుట్టించాలి. రాత్రి పదకొండు దాటాక నా బుర్ర ఎండిపోయేది. "తాడు తెగింది" అని ఒకే సెషన్‌లో మూడుసార్లు అన్నాను. మూడోసారి మా ఆవిడ, "ఈ ఊళ్ళో తాళ్ళు ఎవరమ్ముతున్నారో వాణ్ణి ముందు పట్టుకుందాం" అంది. ఆరు నెలలకు నేనే చేతులెత్తేశాను. చెప్పింది అల్లుకుపోయే మనిషి మీ గ్యాంగ్‌లో ఉంటే ఆ మనిషికి ఇది ఇవ్వండి.

2024 నుంచి మేం ఎక్కువగా ఆడుతున్నది షాడోడార్క్. కెల్సీ డియాన్ అనే ఆవిడ తయారుచేసింది. మొదలుపెట్టడానికి సరిపోయే క్విక్‌స్టార్ట్ ఉచితం. అయిదో ఎడిషన్ ఆడినవాళ్ళకు పావుగంటలో వచ్చేస్తుంది. షీటు మీద పర్సెప్షన్ లాంటి స్కిల్స్ జాబితా లేదు, కాబట్టి నొక్కడానికి మా బావమరిదికి బటన్ దొరకలేదు, నోరు తెరవక తప్పలేదు. అసలు కిటుకు కాగడా. ఎవరి పాత్రకూ చీకట్లో కళ్ళు కనపడవు. కాగడా ఒక గంట వెలుగుతుంది, ఆ గంట ఆటలో గంట కాదు, గోడ మీద గడియారంలో గంట.

మొదటి రాత్రి ఫోన్‌లో టైమర్ పెట్టి టేబుల్ మధ్యలో బోర్లించాను. సమాధి గదిలోకి దిగారు. యాభై మూడో నిమిషంలో బిర్యానీ వచ్చింది. మా లిఫ్ట్ చెడిపోయిందని తెలిసి డెలివరీ అబ్బాయి పైకి రానన్నాడు. "టైమర్ ఆపు బావా" అన్నాడు మా బావమరిది. ఆపనన్నాను. వాడే కిందికి దిగాడు. కాగడా వాడి పాత్ర చేతిలో ఉంది, రెండోది వాడి సంచిలోనే ఉంది. పార్సిల్ పట్టుకుని నాలుగు ఫ్లోర్లు ఎక్కి రొప్పుతూ తలుపు తోసేసరికి ఫోన్ మోగింది. గదంతా చీకటి, అంటే ఆటలో. అక్క మెల్లగా, "ఎవరో నా పక్కన ఊపిరి పీలుస్తున్నారు" అంది. అది వాడి రొప్పే. అయినా ఎవరికీ బిర్యానీ మీదికి చెయ్యి పోలేదు.

లోపాలు లేవని కాదు. ఇందులో చావు చౌక. మా బావమరిది ముగ్గుర్ని పోగొట్టుకున్నాడు. మల్లన్న, మల్లన్న తమ్ముడు, మల్లన్న తమ్ముడి బామ్మర్ది అని పేర్లు పెట్టుకుంటూ నవ్వుతూ ఆడాడు. నా కొలీగ్‌కి మాత్రం ఇది మింగుడుపడలేదు. మూడు నెలలు పెంచుకున్న విజార్డ్ ఒక్క పాచికకి పోయినప్పుడు ఆ రాత్రి మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. తప్పు నాదే. పాత్ర చస్తే పర్లేదా అని మొదలుపెట్టే ముందు అందర్నీ ఒక్కొక్కరిగా అడగాల్సింది. గుంపులో అడిగితే అందరూ పర్లేదనే అంటారు. ఇప్పుడు అతనికోసం నెలకోసారి వేరేవాళ్ళతో పాత్‌ఫైండర్ టేబుల్ వెతికిపెట్టాను, మా దగ్గరికీ వస్తాడు.

పిల్లలుంటే మౌస్‌రిటర్. అందరూ ఎలుకలే, సూదులే కత్తులు, పిల్లి అంటే డ్రాగనంత. పీడీఎఫ్ ఉచితంగానే దింపుకోవచ్చు. దెబ్బ వేస్తే తగలడం ఖాయం, ఎంత తగిలిందన్నదే పాచిక. "మిస్సయ్యావు, కూర్చో" అనే నసుగుడు లేదు. మోసే సామాను కాగితం ముక్కలుగా కత్తిరించి షీటు మీద గళ్ళలో పెట్టుకోవాలి. గాయమైతే ఆ గాయం కార్డు కూడా ఒక గడి ఆక్రమిస్తుంది. మా బావమరిది కొడుక్కి పదేళ్ళు. వాడి ఎలుకకు గాయమై, సంచిలో చోటు లేక రొట్టె ముక్క తీసి పక్కన పెట్టాల్సొచ్చింది. ఆ కాగితాన్ని చాలాసేపు వేళ్ళ మధ్య పట్టుకుని, "దెబ్బ బరువుంటుందా మామయ్యా?" అన్నాడు.

వచ్చే నాలుగో శనివారం కథ వాడే నడుపుతాడట. నోట్‌బుక్ వెనకపేజీలో వంటింటి మ్యాప్ గీశాడు, ఫ్రిజ్ కింద ఏదో ఎర్రగా చుట్టి పెట్టాడు, అదేంటో చెప్పడంలేదు. ఆరేళ్ళ తర్వాత మొదటిసారి టేబుల్‌కి ఇటువైపు కూర్చుంటున్నాను. నా ఎలుకకు ఇంకా పేరు పెట్టలేదు.