సఫియా రేడియోనా, సల్వా టీవీనా?

ఈజిప్టు ప్రసార రంగంలో మహిళల చరిత్ర చదవాలనుకుంటే ఎవరితో మొదలుపెట్టాలి? రేడియో వ్యాఖ్యాత సఫియా అల్ ముహందిస్‌తోనా, టీవీ వ్యాఖ్యాత సల్వా హిజాజీతోనా? నా ఓటు సఫియాకే. ఏళ్ల తరబడి రేడియోలో గృహిణుల కార్యక్రమం నడిపారు. ఇల్లూ పిల్లలూ కూడా గౌరవంగా మాట్లాడదగ్గ విషయాలేనని చూపించారు. 1975లో ఈజిప్టు రేడియోకి తొలి మహిళా అధిపతి అయ్యారు. మైకు ముందు కూర్చోవడం ఒక ఎత్తు, ఏం ప్రసారం కావాలో నిర్ణయించడం మరో ఎత్తు. ఆ అధికారం ఆమె చేతికి వచ్చింది.

సల్వా హిజాజీది 1960లో మొదలైన టెలివిజన్ తరం. పిల్లల కార్యక్రమాలతో జనానికి దగ్గరయ్యారు, ఫ్రెంచిలో కవితలు రాశారు, 1967లో పారిస్‌లో ప్రఖ్యాత ఈజిప్టు గాయని ఉమ్ కుల్సుమ్‌ని ఇంటర్వ్యూ చేశారు. 1973 ఫిబ్రవరి 21న ఆమె ప్రయాణిస్తున్న లిబియా విమానాన్ని సినాయ్‌లో ఇజ్రాయెల్ యుద్ధవిమానాలు కూల్చేశాయి. ఆ దాడిలో ఆమె చనిపోయారు, పెద్ద పదవులకు ఎదిగే సమయమే దొరకలేదు. అందుకే పదవుల లెక్కన ఈ ఇద్దరినీ తూచడం న్యాయం కాదు.