మెనూ మేలా, సెర్చ్ మేలా? తెలుగు వెబ్‌సైట్‌కు ఏది పెట్టాలి?

కొత్తగా వెబ్‌సైట్ చేయించుకునేవారు మొదటి సమావేశంలోనే తరచూ అనే మాట ఒకటుంది. "ఇన్ని మెనూలు ఎందుకండీ, గూగుల్‌లా మధ్యలో ఒక పెట్టె పెట్టేయండి. కావలసింది వాళ్లే కొట్టి వెతుక్కుంటారు." వినడానికి బాగానే ఉంటుంది, తయారు చేసేవారికీ పని తగ్గుతుంది. పేజీలను ఎలా విడదీయాలి, వాటికి ఏ పేర్లు పెట్టాలి అనే తలనొప్పి ఉండదు. అయితే ఆ తలనొప్పి ఎక్కడికీ పోదు. మన దగ్గర నుంచి సైట్ చూడటానికి వచ్చినవారి నెత్తికి మారుతుంది, అంతే.

సెర్చ్ గెలిచిందని చెప్పేవారికి చరిత్రలో ఆధారం లేకపోలేదు. 1994లో మొదలైన యాహూ వెబ్‌సైట్లను మనుషుల చేత వర్గాలుగా పేర్పించి జాబితా నడిపింది. 1998లో గూగుల్ వచ్చింది, ఒక పెట్టెతో ఆ జాబితా అవసరాన్నే తగ్గించేసింది. 2014 చివరికి యాహూ జాబితా మూతపడింది. కానీ అది మొత్తం వెబ్‌కు సంబంధించిన పోటీ. రెండు వందల పేజీలున్న పురపాలక సంఘం సైటుకో, బడి సైటుకో, ఆసుపత్రి సైటుకో ఆ తీర్పు వర్తించదు. పైగా గూగుల్ పెట్టె వెనుక అక్షరదోషాలు సరిదిద్దే యంత్రాంగం ఉంది, ఒకే అర్థమున్న మాటలను కలిపి చూసే యంత్రాంగం ఉంది. చిన్న సైటులో మనం పెట్టే పెట్టె చూడటానికి అలాగే ఉంటుంది, వెనుక మాత్రం కొట్టిన అక్షరాలను పేజీలోని అక్షరాలతో పోల్చి చూడటం తప్ప సాధారణంగా ఏమీ ఉండదు.

తెలుగులో ఈ పోల్చడం దగ్గరే బండి ఆగిపోతుంది. ఒక సైటులో పేజీ శీర్షిక 'పింఛను' అని ఉందనుకుందాం. వెతికేవారు పింఛన్ అని కొట్టవచ్చు, పెన్షన్ అనో పెన్షను అనో కొట్టవచ్చు, ఫించను అని కొట్టేవారూ ఉంటారు. చదివే మనిషికి అన్నీ ఒకటే. ప్రోగ్రామ్‌కు అవి ఐదు వేరు వేరు మాటలు. పింఛన్‌కూ పింఛనుకూ తేడా ఒక పొల్లు, ఒక కొమ్ము మాత్రమే. "ఫలితాలు లేవు" అనడానికి దానికి అది చాలు.

విభక్తులు, బహువచనాలు ఇంకో పెద్ద చిక్కు. ఇంగ్లీషు మాటల్లో చాలావాటికి చివర ఒక అక్షరం తీసేసి పోల్చినా పని నడుస్తుంది. మన 'ఇల్లు' అలా ఊరుకోదు. ఇంటి, ఇంట్లో, ఇళ్లు, ఇళ్ల, ఇండ్లు అని మాట నడుమనే మారిపోతుంది. 'ఇంటి పన్ను' పేజీ నిక్షేపంగా ఉన్నా, 'ఇల్లు' అని కొట్టినవారికి అది దొరకదు. ఇక 'వెబ్‌సైట్' లాంటి మాటల్లో బకారం కింద వత్తు పడకుండా కొందరు కంటికి కనిపించని ఒక అక్షరం చేరుస్తారు, కొందరు చేర్చరు, కొందరు మధ్యలో ఖాళీ వదులుతారు. చదివేవారికి ఒకటే అనిపించే ఈ మూడు రూపాలు కంప్యూటర్‌కు ఒకదానికొకటి సంబంధం లేనివి.

పీడీఎఫ్‌ల సంగతి మరీ అన్యాయం. ప్రకటనలు, దరఖాస్తు ఫారాలు చాలాకాలం అను ఫాంట్లలో కంపోజ్ అయ్యాయి. అవి యూనికోడ్‌కు, అంటే కంప్యూటర్లన్నీ ఒకేలా అర్థం చేసుకునే అక్షర సంకేతాల పద్ధతికి, ముందు నాటివి. తెరపై తెలుగు కనిపిస్తుంది, లోపల దాగి ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. అలాంటి ఫైలులో తెలుగు మాట కోసం వెతికితే ఏమీ దొరకదు. స్కాన్ చేసి ఎక్కించిన కాగితమైతే అదొక బొమ్మ, వెతకడానికి అందులో అక్షరమే లేదు. వీటికి తోడు, మన వాళ్లలో ఎంతోమంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు.

అందుకే నా ఓటు మెనూకు. తెర మీద ఉన్న మాటను చూసి "ఇదే నాకు కావలసింది" అనుకోవడం తేలిక. ఖాళీ పెట్టె ముందు కూర్చుని ఆ కాగితాన్ని ప్రభుత్వం ఏ పేరుతో పిలుస్తుందో గుర్తు చేసుకోవడం కష్టం. ఇన్‌కమ్ సర్టిఫికెట్ కావాలని వచ్చినవారికి 'ఆదాయ ధ్రువీకరణ పత్రం' అన్న పేరు నోటికి రాకపోవచ్చు, కంటికి కనిపిస్తే మాత్రం గుర్తుపడతారు.

మెనూ అన్నంత మాత్రాన మేలు కాదు. కార్యాలయంలో కుర్చీలు ఏ వరుసలో ఉన్నాయో అదే వరుసలో మెనూ పేర్చే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. మొదట అధ్యక్షుల సందేశం, తర్వాత పాలకవర్గం, ఆ తర్వాత శాఖలు, ఎక్కడో నాలుగో అరలో జనానికి కావలసిన సేవ. కుల ధ్రువపత్రం కోసం వచ్చిన మనిషి అది రెవెన్యూ శాఖ కిందకు వస్తుందని ముందే తెలుసుకుని ఉండాలా? బ్రిటన్ ప్రభుత్వం 2012 అక్టోబరులో గవ్ డాట్ యూకే అనే తన సేవల సైటును తెరిచినప్పుడు ఈ వరుసనే తిప్పేసింది. శాఖల పేర్లను వెనక్కి నెట్టి, పన్ను కట్టడం, పాస్‌పోర్టు తీసుకోవడం వంటి పనులను ముందుకు తెచ్చింది. మనమూ చేయదగిన పని ఇది, దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు.

పేర్ల విషయంలో 'ఇతరములు' అన్న మాటను నిషేధించాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. 'సమాచారం' కూడా దానికి తమ్ముడే. వెబ్‌సైటంతా సమాచారమే కదా! జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో పీటర్ పిరోలీ, స్టూవర్ట్ కార్డ్ 1990ల్లో చెప్పినది ఇదే: మనిషి లింకు మాటలను వాసన పట్టినట్టు పట్టి, కావలసినది అటు ఉందనిపిస్తేనే ముందుకు వెళతాడు. వాసన తగులుతూ ఉంటే నాలుగు క్లిక్కులు చేయడానికీ విసుక్కోడు. మూడు క్లిక్కుల్లో అన్నీ దొరకాలన్న సూత్రం వినడానికి బాగుంటుంది, పట్టుకుని వేలాడవలసినది కాదు. మెనూలో ఏడుకు మించి ఉండకూడదన్న మాట కూడా అంతే. ఆ ఏడు అంకెకు మూలమని చెప్పే మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాసినది తాత్కాలికంగా గుర్తుపెట్టుకోగలిగే అంశాల గురించి. మెనూను ఎవరూ కంఠస్థం చేయనక్కరలేదు, అది కళ్ల ముందే ఉంటుంది.

కళ్ల ముందు ఉంటేనే సుమా. మూడు గీతల గుర్తు వెనుక దాచిన మెనూ వేరే సంగతి. ఆ గుర్తును నార్మ్ కాక్స్ 1981లో జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం గీశాడు, ఫోన్ల కాలంలో అది మళ్లీ ఊపందుకుంది. దాచిన మెనూను జనం తక్కువగా వాడతారని వెబ్‌సైట్లను జనం ఎలా వాడతారో పరిశీలించే నీల్సన్ నార్మన్ గ్రూప్ సంస్థ 2016లో జరిపిన పరీక్షల్లో తేలింది. కంప్యూటర్ తెర మీద అంత చోటు ఉండగా కూడా మూడు గీతలు పెట్టడానికి నాకు ఏ కారణమూ కనిపించదు. ఫోన్‌లో చోటు తక్కువ కాబట్టి అక్కడ బేరం తప్పదు: ముఖ్యమైన నాలుగు పనులు తెర అడుగున పట్టీలో కనిపిస్తూ ఉండాలి, మిగతావి మూడు గీతల వెనక్కి వెళ్లవచ్చు. ఫేస్‌బుక్ 2013లో ఐఫోన్ యాప్‌లో ఇలాగే అడుగు పట్టీకి మారింది.

నాలుగే ఎందుకు, ఐదు ఎందుకు కాదు? ఫోన్ తెర వెడల్పు 360 పిక్సెళ్లు (తెరను కొలిచే చుక్కలు) అనుకుంటే ఐదింటిలో ఒక్కోదానికి 72 వస్తాయి. చదవగలిగే సైజులో 'ధ్రువపత్రాలు' అందులో పట్టదు, విరిగి రెండో వరుసకు పోతుంది, లేదా చివర చుక్కలు పడతాయి. నాలుగైతే 90 వస్తాయి, 'సేవలు', 'పన్నులు', 'ఫారాలు' హాయిగా పడతాయి. ఎత్తు కూడా చూసుకోవాలి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపెట్టిన పట్టీలో మన వత్తులు కిందికి దిగి కోసుకుపోతాయి, 'రాష్ట్రం' అన్న మాట మొండెం మాత్రమే మిగులుతుంది. వేలికి చాలినంత చోటు సంగతి సరేసరి: ఆపిల్ 44 పాయింట్లు, గూగుల్ 48 యూనిట్లు ఉండాలంటాయి. మాటలు పట్టలేదని వట్టి బొమ్మలు పెట్టి ఊరుకోవడం మాత్రం వద్దు. ఇంటి బొమ్మ, భూతద్దం తప్ప మిగతావి ఎవరికి తోచినట్టు వారు అర్థం చేసుకుంటారు.

సెర్చ్ నిజంగా పైచేయి సాధించే చోట్లు ఉన్నాయి. వేల వస్తువులున్న దుకాణం, పాత సంచికల భాండాగారం, నిఘంటువు వంటి సైట్లలో వచ్చినవారికి కావలసినదాని పేరు ముందే తెలుసు, వర్గాల వెంట నడిపించడం వారికి శిక్ష. అయితే పెట్టె పెట్టి వదిలేస్తే చాలదు. తెలుగు వికీపీడియా ఈ విషయంలో మంచి దారి చూపింది: ఒకే విషయానికి ఉన్న వేరు వేరు వర్ణక్రమాల నుంచి అసలు పేజీకి 'దారిమార్పు' పేజీలు పెడతారు. చిన్న సైటువారు కూడా యాభై ముఖ్యమైన మాటలకు ఇలాంటి జాబితా ఒకటి రాసుకుంటే పెన్షన్, ఫించను అన్నీ ఒకే చోటికి చేరతాయి. పని చేసేది ఒక మధ్యాహ్నం, ఫలితం ఏళ్లపాటు.

ఒక పేజీని చేరడానికి ఒకటికి మించి దారులు ఉండాలని, వికలాంగులతో సహా అందరూ సైట్లను వాడగలిగేలా రాసిన వెబ్ అందుబాటు ప్రమాణాలు 2008 నుంచీ చెబుతున్నాయి. కనుక మెనూ పెట్టి సెర్చ్ తీసేయమని నేను అనను. రెండు మూడు వందల పేజీల లోపు సైటులో మెనూ పెద్దది, సెర్చ్ పక్కవాద్యం. వేలల్లో ఉంటే వరుస తారుమారు చేయండి. ఎటైనా సరే, ఏమీ దొరకనప్పుడు వచ్చే పేజీలో "ఫలితాలు లేవు" అన్న రెండు మాటలతో వదిలేయకుండా దాని కిందే మెనూ మొత్తం పరిచి ఉంచండి. అక్కడికి వచ్చినవారు కొట్టిన మాటలను నెలకోసారి తీసి చూడండి. మెనూలో ఏ పేరు మార్చాలో ఆ చిట్టాలోనే రాసి ఉంటుంది.