బెంగళూరు నుంచి తిరుమల: చలికాలం ప్రయాణంలో గాలి లైటు వెలిగితే

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున నాలుగింటికి బెంగళూరు నుంచి తిరుమలకు బయలుదేరితే, హోస్కోటె దాటకముందే డ్యాష్‌బోర్డులో టైరు గాలి తగ్గిందని చెప్పే పసుప్పచ్చ గుర్తు వెలగడం మామూలే. గుర్రపు నాడాలాంటి బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం. దిగి చూస్తే నాలుగు టైర్లూ నిండుగానే కనిపిస్తాయి. కోలారు చేరేలోపు టైర్లు వేడెక్కి చాలాసార్లు అదే ఆరిపోతుంది కూడా. సెన్సరు పాడైందని కంగారు పడక్కర్లేదు, చలి వల్ల వచ్చిన తేడా అది.

టైరులో గాలి 10 డిగ్రీలు చల్లబడితే సుమారు 1.5 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది. సాయంత్రం చాలా దూరం తిరిగొస్తూ బంకులో 33 కొట్టించారనుకోండి. అప్పటికి లోపలి గాలి 45 డిగ్రీల దగ్గర ఉండొచ్చు. తెల్లారేసరికి బయట 15. అంటే నాలుగున్నర పోయి 28 చిల్లరకు దిగింది. టైరు తనంతట తానే నెలకు ఒకటి రెండు పీఎస్‌ఐ వదులుతుంది. రెండు నెలలు చూడకపోతే 26 దరిదాపులకు వచ్చేస్తుంది. చాలా కార్లలో ఉండాల్సినదానికంటే 20–25 శాతం తగ్గగానే లైటు వెలుగుతుంది. అందుకే దీన్ని తప్పుడు హెచ్చరిక అంటే ఒప్పుకోలేం. పంక్చర్ లేదు, నిజమే. గాలి మాత్రం నిజంగానే తక్కువ.

తేల్చుకోవడం సులువు. నాలుగూ ఇంచుమించు సమానంగా తగ్గితే వాతావరణం. ఒక్కటే మిగతావాటికంటే మూడు నాలుగు తక్కువ చూపిస్తే మేకో, వాల్వు లీకో. వాల్వు మూతిలో సబ్బు నీటి చుక్క వేయండి. బుడగ మెల్లగా ఉబ్బితే పిన్ను మార్చాలి, టైరు విప్పే పని లేదు.

గాలి ఎప్పుడూ బండి మూడు గంటలైనా ఆగి ఉన్నాకే చూడాలి. డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కరులో ఫుల్ లోడుకు వేరే అంకె ఉంటుంది. ఐదుగురు, సామానుతో వెళ్తుంటే అదే పెట్టాలి. దారిలో వేడి టైరుకే కొట్టించాల్సి వస్తే స్టిక్కరు కంటే 3–4 ఎక్కువ పెట్టించి, మర్నాడు చల్లగా ఉన్నప్పుడు సరిచేసుకోండి. వేడి మీద 37 చూపించిందని గాలి తీసేయడం పెద్ద పొరపాటు.

పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగేటప్పుడు ఇంకో సంగతి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన, తిరుపతి 160 దగ్గర. కింద బయటి గాలి ఒత్తిడి పెరిగినంత మేర, సుమారు 1.2 పీఎస్‌ఐ, గేజిలో తగ్గి కనిపిస్తుంది. తిరుపతి వేడి దాన్ని చాలావరకు పూడ్చేస్తుంది.

బస విషయంలో తేడా ఉంది. కింద తిరుపతిలో టీటీడీ వసతి గృహాలైన శ్రీనివాసంలోనో, విష్ణు నివాసంలోనో దిగితే రాత్రి కొండ మీదంత చలి ఉండదు, పొద్దున లైటు వెలగడం అరుదు. కొండ మీద గది దొరికి కారు రెండు రాత్రులు చలిలో, వానలో ఆరుబయట నిలిచిపోతే తెల్లవారుజామున వెలిగే అవకాశం ఎక్కువ. ఆ చల్లటి టైరుకే గేజి పెట్టి, సరిచేశాకే ఘాట్ దిగాలి. రెండు మూడు వేల రూపాయల 12 వోల్టుల ఇన్‌ఫ్లేటరు డిక్కీలో ఉంటే ఎవరికోసమూ ఎదురుచూడక్కర్లేదు. టైర్లు అరిగినవైతే కారును తిరుపతిలోనే ఉంచి ఆర్టీసీ బస్సెక్కడం మేలని గట్టిగా చెబుతాం.

బంకుల్లో గాలి ఉచితం, అడిగి కొట్టించుకోండి. డిజిటల్ మెషీన్‌లో అంకె మీరే చూడండి, స్టెప్నీ మర్చిపోవద్దు. నైట్రోజన్‌కు డబ్బు పెట్టినా చలికి ఇదే లెక్కన తగ్గుతుంది.

చక్రం వేగాన్ని బట్టి అంచనా వేసే సిస్టమ్ ఉన్న కార్లలో గాలి సరిచేశాక మెనూలో రీసెట్ చేయకపోతే మళ్ళీ వెలుగుతుంది. ఇంజను స్టార్ట్ చేయగానే గుర్తు నిమిషంపైన టపటపా కొట్టుకుని తర్వాత నిలిచి వెలిగితే మాత్రం వాతావరణం కాదు, సెన్సరు తేడా. లోపలి బ్యాటరీ ఐదు నుంచి పదేళ్ళకు అయిపోతుంది. అప్పుడు సెన్సరే మార్పించాలి.