మా పేట కుక్కల ఆసుపత్రి: వెళ్తే పదిన్నర తర్వాతే వెళ్లండి

మాది విజయవాడ, సత్యనారాయణపురం. కర్రీ పాయింట్ నడుపుకుంటాను. ఈ ఆరేళ్లలో మా కుక్క కోసం ఆ ఆసుపత్రి మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో లెక్క లేదు. పేరు మాత్రం రాయను. అక్కడ తిట్టాల్సినవీ జరిగాయి, దణ్ణం పెట్టాల్సినవీ జరిగాయి.

ముందు మా కుక్క సంగతి. పేరు టైసన్. జాతి కుక్కేం కాదు, కుళాయి దగ్గర వానలో తడుస్తూ దొరికింది. మావాడు ఆ పేరు పెట్టి, మెడకి బెల్టు కూడా కొన్నాక తెలిసింది అది ఆడదని. అప్పటికే పిలిస్తే పలుకుతోంది, ఇంక మార్చలేదు. మొదటిసారి టీకాకి తీసుకెళ్తే కౌంటర్లో అమ్మాయి పేరడిగింది, చెప్పాను. ఆడో మగో అడగలేదు. టైసన్ అన్నాక అడిగేదేముంది అనుకుందేమో, మగ అని రాసేసుకుంది. ఫైలు చేతికిస్తే నేనూ తెరిచి చూళ్లేదు. ఆ ఒక్క మాట ఆరేళ్ల తర్వాత మా కొంప ముంచబోయింది.

మొన్న శ్రావణంలో రెండు రోజులు అది ముద్ద ముట్టలేదు. నీళ్లు మాత్రం విపరీతంగా తాగుతోంది. నేను బియ్యం కడిగి పెట్టుకున్న గిన్నెలో కూడా మూతి పెట్టేసింది. ఒకసారి కక్కింది. గ్రైండర్ పక్కన చల్లటి బండ మీద పడుకుని లేవదు. షాపు మా ఆయనకి అప్పజెప్పి సాయంత్రం ఆటోలో తీసుకెళ్లాను. పెద్ద డాక్టరు గారు లేరు, సాయంత్రాలు ఆయన ఉండరు. కుర్ర డాక్టరున్నాడు. ఫైలు చూశాడు, పొట్ట మీద ఒకసారి చెయ్యి వేశాడు. 'బయట తిండి ఏమైనా పెట్టారా ఆంటీ' అన్నాడు. కర్రీ పాయింట్ ఆవిడని అడిగే ప్రశ్నేనా అది! ఉప్పూ కారం తగలనివ్వనని చెప్పినా నమ్మినట్టు లేడు. గ్యాస్ అన్నాడు, వాంతులకో ఇంజెక్షన్, బలానికో ఇంజెక్షన్, ఒక సిరప్. తొమ్మిది వందలు. అంతసేపూ అది నా ఒళ్లో తల పెట్టుకునే ఉంది, దాన్ని లేపి నిలబెట్టి చూసింది లేదు.

మర్నాడు రాత్రికి పొట్ట బిగిసిపోయింది. పదకొండింటికి మా అబ్బాయి బండి మీద వెళ్లి చూసొచ్చాడు. బోర్డు మీద '24 గంటలు' అని ఎర్ర లైట్లు వెలుగుతున్నాయి, కింద షట్టరుకి తాళం. అందులో రాసిన నంబరుకి చేస్తే మోగి మోగి ఆగిపోయింది. అయితే ఆ లైట్లు ఆర్పేయొచ్చుగా? మా షాపులో చికెన్ అయిపోతే బోర్డు మీద చికెన్ అన్న మాట తుడిచేస్తాను, లేకపోతే జనం ఊరుకోరు.

పొద్దున్న తొమ్మిదిన్నరకల్లా గుమ్మం ముందు కూర్చున్నాం. టోకెన్ పద్నాలుగు. పదిన్నరకి పెద్ద డాక్టరు గారు వచ్చారు. వస్తూ వస్తూనే బెంచీల మీద ఉన్నవాటినన్నిటినీ ఒక చూపు చూసి, మా దాని దగ్గర ఆగారు. 'దీన్ని ముందు తీసుకురండి' అన్నారు. పదమూడు మందిలో ఒక్కరూ గొణగలేదు, అదీ చెప్పాలి.

ఆయన చూసిన తీరు నాకు కళ్లకి కట్టినట్టుంది. పెదవి పైకెత్తి చిగురు మీద బొటనవేలితో నొక్కి వదిలారు. తెల్లబడిన చోటు మళ్లీ రంగు తిరగడానికి ఎంతసేపు పడుతుందో చూశారట. మెడ మీద చర్మం పట్టి లాగి వదిలితే అది గుడారంలా అలాగే నిలబడిపోయింది. ఒంట్లో నీరు లేదన్నారు. తర్వాత తోకెత్తారు. ఫైలు వైపు చూశారు. మళ్లీ తోక వైపు చూశారు.

'ఏమ్మా, ఇది ఆడదిగా? మగ అని రాసుందేంటి?'

నాకు నోట మాట రాలేదు. 'హీట్‌కి, అదే ఎదకి, ఎప్పుడొచ్చింది?' అన్నారు. మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కి ముందు వారం, అంటే నెలన్నర. ఆయన ఇంకేం అడగలేదు, స్కానింగ్ గదిలోకి నడిచారు. తెర మీద నల్లటి గొట్టాలు, ఒకదాని పక్కన ఒకటి, అరటి అత్తంలో కాయల్లా. గర్భసంచిలో చీము. రక్తంలో తెల్లకణాలు 46 వేలున్నాయి, 17 వేలు దాటకూడదట. హీట్ అయిపోయాక హార్మోన్ వల్ల గర్భసంచి లోపలి పొర దళసరి అవుతుందట, అందులో సూక్ష్మక్రిములు చేరితే ఇలా చీము పడుతుందట. కొన్నిటికి కిందనుంచి కారుతుంది కాబట్టి ఇంట్లోవాళ్లకి ముందే తెలుస్తుంది. మా దానికి దారి మూసుకుపోయింది, చుక్క బయటికి రాలేదు. నీళ్లు అంతలా తాగడం ఈ జబ్బు లక్షణమే.

'పిల్లలు వద్దనుకున్నప్పుడు చిన్నప్పుడే ఆపరేషన్ చేయించాల్సింది, ఈ రోగమే వచ్చేది కాదు. ఎవరూ చెప్పలేదా?' అన్నారు. ఎవరు చెప్తారండీ? ఏటా టీకాకి వస్తూనే ఉన్నాను. ఫైల్లో మగ అనుంటే గర్భసంచి గురించి ఎవడు మాట్లాడతాడు? ఇందులో నా తప్పూ ఉంది. కుర్ర డాక్టరు దగ్గర నాకైనా హీట్ సంగతి చెప్పాలని తట్టలేదు. కానీ అడగాల్సింది చదువుకున్నవాడు కదా.

నాలుగు గంటలు సెలైన్ ఎక్కించి సాయంత్రం కోశారు. అయ్యాక నన్ను లోపలికి పిలిచి చూపించారు. నేను పప్పు పెట్టే స్టీలు ట్రే లాంటిదే, దాని నిండా ఉంది. తూకం వేస్తే కిలో మూడొందలు. పంతొమ్మిది కిలోల కుక్క అది! ఇంకో రోజు ఆగితే లోపలే పగిలేదన్నారు. ఆ రాత్రి పన్నెండింటి దాకా ఆయన ఇంటికి వెళ్లలేదు. నా చేతిలో టిఫిన్ క్యారియర్ చూసి 'గుత్తొంకాయ ఉందామ్మా' అని అడిగి మరీ తిన్నారు.

బిల్లు పదహారున్నర వేలు. డబ్బు గురించి ఏడవడం లేదు. కానీ అది ప్రిస్క్రిప్షన్ చీటీ వెనక రాసిచ్చిన ఒక్క అంకె. ఏది ఎంతో చెప్పమంటే కౌంటర్లో అమ్మాయి 'ప్యాకేజీ ఆంటీ' అంది. నేను నలభై రూపాయల పప్పుకి కూడా చీటీ ఇస్తాను.

ఇదంతా నా ఒక్కదాని గోలేమో అని మా చుట్టుపక్కల వాళ్లనీ అడిగాను. వెనక వీధి మాస్టారు గారైతే ఆ ఆసుపత్రిని ఒక్క మాట అననివ్వరు. ఆయన పొమేరియన్ పిల్లకి పార్వో అనే వైరస్ జబ్బు వచ్చి నెత్తురు విరేచనాలైతే ఐదు రోజులు సెలైన్ పెట్టి బతికించారు. ఆ వైరస్‌ని సూటిగా చంపే మందు లేదట, ఒంట్లో నీరు పోకుండా కాచుకోవడమే. కాంపౌండర్ కుర్రాడు రాత్రుళ్లు ఇంటికొచ్చి సీసా మార్చి వెళ్లేవాడట. నిజమే, ఆ కుర్రాడు బంగారం. కానీ మాస్టారు గారికి పట్టనిది నాకు పట్టింది: ఆ పార్వో పిల్ల పడుకున్న బెంచీ మీదే మర్నాడు టీకాకొచ్చిన పిల్లలు కూర్చున్నాయి. మామూలు ఫినాయిల్‌కి లొంగే వైరస్ కాదది, బ్లీచింగ్ నీళ్లు కావాలి. అక్కడ తుడిచే ఆవిడ బకెట్‌లోది ఫినాయిలే, వాసన నాకు తెలుసు. మీది చిన్న పిల్లయితే కింద దింపకండి, ఒళ్లోనే పెట్టుకోండి.

మా మేడ మీద అద్దెకుండే కుర్రాడు మాత్రం చచ్చినా ఆ గుమ్మం తొక్కనంటాడు. వాడి పిల్లికి జ్వరమొస్తే మనకేసే పారాసిటమాల్ అరముక్క వేశాడు. చిగుళ్లు నీలంగా మారాక పరిగెత్తాడు. డాక్టరు గారు అందరి ముందూ కడిగిపారేశారట, 'దాన్ని చంపడానికి తెచ్చావా, చూపించడానికి తెచ్చావా' అని. పిల్లికి ఆ మందు విషం, అరముక్క కూడా. బతికించి పంపారు. వీడికి పిల్లి బతికింది గుర్తులేదు, తిట్టింది గుర్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గానీ, ఈయన విషయంలో నేను నోరు వదిలేసి చెయ్యి చూసుకోమంటాను.

ఇక ఫ్రిజ్. ఫ్రిజ్ గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు, నా బతుకే దాని మీద. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒకసారి కౌంటర్లో అమ్మాయి తలుపు తీస్తే రేబిస్ సీసాల పక్కన పెరుగు ప్యాకెట్, సగం తాగిన థమ్సప్ కనిపించాయి. ఆ తలుపు రోజుకి ఎన్నిసార్లు తీస్తున్నారో దాన్ని బట్టే తెలిసిపోయింది. 'మీ పెరుగుకి ఇంకో ఫ్రిజ్ కొనుక్కోండమ్మా' అని గట్టిగానే అన్నాను. టీకా వేశాక సీసా మీది స్టిక్కరు పీకి మీ పుస్తకంలో అంటించమనండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ దాని మీదే ఉంటాయి. అడిగితే విసుక్కుంటారు, అంటిస్తారు.

డబ్బుకి ఇబ్బందైన వాళ్లు జులై 6 గుర్తుపెట్టుకోండి. జూనోసిస్ రోజని, అంటే జంతువుల నుంచి మనకి అంటే జబ్బుల రోజని, ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. పెద్ద జబ్బయి రెండో మాట వినాలనుంటే గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. దూరమే, ఆటో ఖర్చూ ఉంటుంది, పొద్దున్నే బయల్దేరాలి.

నేనైతే ఇంకా ఇక్కడికే వెళ్తున్నాను. పదిన్నర దాటాక, ఒంటిగంట లోపు. సాయంత్రం గోళ్లు కత్తిరించడానికి తప్ప వెళ్లను.

కుట్లు విప్పించడానికి వెళ్లిన రోజు మా టైసన్ మెట్టెక్కనంటే ఎక్కనని కూర్చుంది, మెడకున్న ప్లాస్టిక్ గరాటు తలుపుకి తన్నుకుంటోంది. కాంపౌండర్ కుర్రాడొచ్చి ఎత్తుకెళ్లాడు. ఆలోపు నేను కౌంటర్ మీది ఫైలు తీసి చూశాను. మగ అనే ఉంది. పెన్ను అడిగి తీసుకుని కొట్టేసి, ఆడ అని పెద్దక్షరాలతో రాశాను. కౌంటర్లో అమ్మాయి తొంగి చూసి, 'కంప్యూటర్లో కూడా మార్చాలి కదా ఆంటీ, ఇవాళ సర్వర్ పనిచెయ్యట్లేదు' అంది.