ఆటోమేటిక్ పికప్ ట్రక్కు ఆగినచోట ముందుకు పాకుతోందా: ఐడిల్ చూడాలా, గేర్‌బాక్స్ విప్పాలా?

అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర ఆగినప్పుడు పాత పెట్రోల్ పికప్ 'డీ' (డ్రైవ్) గేరులో బ్రేకు వదిలితే మెల్లగా కదలడం టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ద్రవం ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) సహజగుణం. బ్రేకు తొక్కినా తోసుకుపోతుంటేనే లోపం.

ఇంజన్ వేడెక్కాక ఏసీ ఆపి, బ్రేకు తొక్కి 'డీ'లో ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) చూడండి. చాలా బండ్లలో 600-800 ఉంటుంది. 1,000 దాటితే ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) సంగతే: పగిలిన వాక్యూమ్ గొట్టం, మసిపట్టిన థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలిని వదిలే భాగం), ఇరుక్కున్న యాక్సిలరేటర్ కేబుల్. బ్రేకు బూస్టర్ (పెడల్ తొక్కడాన్ని తేలిక చేసే భాగం) గొట్టాన్ని ముందు చూడండి; అది పగిలితే ఐడిల్ పెరుగుతుంది, పెడల్ కూడా గట్టిపడుతుంది. ఐడిల్ స్క్రూ తిప్పి లీకును కప్పిపెట్టొద్దు.

చదును నేల మీద, 'ఎన్' (న్యూట్రల్)లో కూడా కదిలితేనే గేర్‌బాక్స్ మాట. అప్పుడూ ముందు గేర్ లివర్ కేబుల్ సర్దాలి. అది సరిగ్గా ఉంటేనే గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్యాక్ (గేరును పట్టి వదిలే పలకల కట్ట) అతుక్కుందని అనుమానించాలి.