పరాయి దేశంలో ఏటీఎం: ఏళ్ల తరబడి వాడాక

సొంత దేశపు డెబిట్ కార్డుతో బయటి దేశంలో డబ్బు తీయడం నమ్మదగిన పద్ధతే. విమానాశ్రయంలో కరెన్సీ మార్చే కౌంటర్ కన్నా మామూలుగా చవక కూడా. అయితే ఒక్క తెర దగ్గర తప్పు బటన్ నొక్కితే ఆ లాభమంతా పోతుంది.

పిన్ కొట్టి, ఎంత కావాలో చెప్పాక కొన్ని మెషిన్లు "మీ దేశపు కరెన్సీలో ఇంత తీసుకుంటాం, సరేనా?" అని అడుగుతాయి. కళ్లెదుట తెలిసిన కరెన్సీలో అంకె కనబడేసరికి ధైర్యంగా అనిపిస్తుంది. సరే అన్నామా, మారకపు రేటు మెషిన్ నడిపేవాళ్ల చేతిలోకి పోతుంది, వాళ్ల లాభం అందులోనే కలిసిపోతుంది. వద్దంటే వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్క్ రేటు పడుతుంది. దాదాపు ఎప్పుడూ అదే మేలు. వద్దనే బటన్ మీద రాతలు మొత్తం లావాదేవీ రద్దయిపోతుందేమో అనిపించేలా ఉంటాయి, అందుకే చాలామంది భయపడి ఒప్పుకుంటారు. వద్దన్నా నోట్లు వస్తాయి. రెండోసారి అడిగితే రెండోసారీ వద్దనాలి. కొత్తగా వచ్చినవాళ్లను ఇలా తికమకపెట్టడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

ఇక కోతలు. మెషిన్ యజమాని రుసుము, మన బ్యాంకు విదేశీ లావాదేవీ రుసుము, రేటులో కలిసే శాతం: ఈ మూడూ వేరు. మొదటిది తరచుగా స్థిరంగా ఉంటుంది. అది 5 అనుకుంటే, 100 తీసినప్పుడు 5 శాతం పోయినట్టు, 500 తీసినప్పుడు 1 శాతమే. కాబట్టి తక్కువసార్లు, ఎక్కువ మొత్తం. శాతం లెక్కన పడే కోత మాత్రం దీనితో తగ్గదు. మెషిన్ ఒక్కసారికి ఇచ్చే పరిమితి వేరు, కార్డు రోజు పరిమితి వేరు. రెండోది చాలావరకు మన బ్యాంకు గడియారం ప్రకారం మారుతుంది, అక్కడి అర్ధరాత్రి ప్రకారం కాదు. క్రెడిట్ కార్డుతో నగదు తీయొద్దు: రుసుముకు తోడు సాధారణంగా ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

పిన్‌లకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 9564, 4 నుంచి 12 అంకెల పిన్‌ను అనుమతిస్తుంది, కానీ 4 అంకెలే తీసుకునే మెషిన్లు ఉన్నాయి. బయలుదేరే ముందే 4 అంకెలకు మార్చుకుంటే గొడవ ఉండదు. పిన్‌ను అక్షరాలుగా గుర్తుపెట్టుకున్నవాళ్లు అంకెలు కూడా నేర్చుకోవాలి, అన్ని కీప్యాడ్ల మీదా అక్షరాలు ఉండవు. భాష చదవలేనప్పుడు రంగులు ఆదుకుంటాయి: మామూలుగా ఆకుపచ్చ అంటే సరే, పసుపు అంటే కొట్టింది చెరపడం, ఎరుపు అంటే రద్దు. 5 మీద చిన్న బొడిపె చేతికి తగులుతుంది.

ఖాతా ఏ రకం, సేవింగ్సా, కరెంటా, క్రెడిటా అని మెషిన్ అడిగినచోట ఒకటి పనిచేయకపోతే ఇంకోటి నొక్కి చూడండి. డబ్బు లేదన్నట్టు తిరస్కరించినా అసలు కారణం కొన్నిసార్లు ఇదే.

కొన్ని మెషిన్లు కార్డు ముందు ఇస్తాయి, కొన్ని నోట్లు ముందు. రెండో రకం దగ్గర నోట్లు లెక్కపెడుతూ కార్డు మరిచిపోతే కాసేపటికి అది మింగేస్తుంది. పరాయి బ్యాంకు కార్డును తిరిగివ్వకుండా నాశనం చేసే పద్ధతి చాలాచోట్ల ఉంది. అందుకే వేర్వేరు నెట్‌వర్కుల కార్డులు రెండు, వేర్వేరు చోట్ల ఉంచుకోవాలి. బ్యాంకు శాఖకు ఆనుకున్న మెషిన్‌ను, పనివేళల్లో వాడటం మంచిది. నోట్లు రాకుండా ఖాతాలో కట్ అయితే స్లిప్, మెషిన్ నంబరు, సమయం దాచుకుని, కార్డు ఇచ్చిన మన బ్యాంకుకే ఫిర్యాదు చేయాలి. మెషిన్ ఉన్న బ్యాంకు సాధారణంగా మళ్లీ మన బ్యాంకు దగ్గరికే పొమ్మంటుంది.

నెలల తరబడి ఉండేవాళ్లకు అక్కడి ఖాతానే సరైన దారి, సొంత దేశపు కార్డు ఆపదకు మాత్రమే. కొత్త కార్డు పాత చిరునామాకు, ఓటీపీ పాత నంబరుకు పోతాయి గనుక ఆ నంబరును రోమింగ్‌లో బతికించి ఉంచాలి. అక్కడి కార్డుకూ ఒక మెలిక ఉంది: నివాస అనుమతి గడువు తీరితే కొన్ని దేశాల్లో బ్యాంకు కార్డును ఆపేస్తుంది. కొత్త పత్రం చేతికందిన రోజే దాని నకలు బ్యాంకుకు ఇవ్వాలి.